ఆంధ్రా మెనూ పక్కన ఏ విదేశీ డ్రాఫ్ట్ బీరు? డాలస్ శివారు బార్ కేస్ స్టడీ

డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కో వైపు ఉన్న ఒక తెలుగువాళ్ల రెస్టారెంట్ బార్ ఇది. 80 సీట్లు, 12 ట్యాప్‌లు (బీరు పట్టే కుళాయిలు). 11 ట్యాప్‌ల్లో టెక్సాస్ బ్రూవరీలవి, మెక్సికో నుంచి వచ్చేవి సర్దేశారు. మిగిలిన ఒక్క ట్యాప్ మీద ఖరీదైన విదేశీ బీరు ఒకటి పెట్టాలన్నది యజమానుల ఆలోచన. వాళ్లు అడిగింది పేరు: గ్లాసు 10 డాలర్లకి అమ్మినా కస్టమర్ మొహం చిట్లించని పేరు. దానికి జవాబు చెప్పాలంటే ముందు వేరే నాలుగు సంగతులు తేలాలి. ఆ బీరు పీపా (కెగ్గు) ఎన్ని రోజుల్లో ఖాళీ అవుతుంది, డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి ఎంత తాజాగా వస్తుంది, ఇప్పుడు బీరుని తోసే గ్యాసు, కెగ్గు నుంచి ట్యాప్ దాకా వచ్చే గొట్టం (లైను) దానికి సరిపోతాయా, వంటింట్లోంచి వచ్చే కారానికి అది నిలబడుతుందా. ఈ నాలుగింట్లో ఏది తప్పినా ఎంత పెద్ద పేరైనా గ్లాసులోకి వచ్చేసరికి మామూలు బీరే అవుతుంది.

అది నిజంగా దిగుమతేనా?

విదేశీ పేరున్న ప్రతి బీరూ ఓడ ఎక్కి రాదు. ఫోస్టర్స్ పేరు వింటే ఆస్ట్రేలియా గుర్తొస్తుంది, కానీ అమెరికాలో అమ్మిన ఫోస్టర్స్ టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో కూడా తయారైంది. ఈ బార్ నుంచి కారులో గంట దూరం. బెక్స్‌ని 2012 నుంచి సెయింట్ లూయిస్‌లో తయారు చేశారు. జర్మనీ బీరు అనుకుని కొన్నామని వినియోగదారులు కోర్టుకెళితే 2015లో కంపెనీ డబ్బు వాపసిచ్చి రాజీ పడింది. స్టెల్లా ఆర్ట్వాని కూడా 2021 నుంచి అమెరికా మార్కెట్ కోసం ఇక్కడే తయారు చేస్తున్నారు. స్థానికంగా చేసినంత మాత్రాన బీరు చెడ్డదేమీ కాదు. నిజానికి తాజాదనంలో అదే మెరుగు. కానీ మెనూలో ‘ఇంపోర్టెడ్’ అని రాసి ధర పెంచేటప్పుడు కెగ్గు మెడ దగ్గరున్న కాలర్ మీద ఏ దేశంలో తయారైందో, దిగుమతిదారు ఎవరో చదివి తీరాలి. ఈ ఒక్క పరీక్షతోనే యజమానుల జాబితాలోంచి రెండు పేర్లు పోయాయి.

చివరికి మూడు మిగిలాయి. చెక్ రిపబ్లిక్‌లోని ప్లజెన్ ఊరి పిల్స్‌నర్ ఉర్కెల్, 4.4 శాతం ఆల్కహాల్. డబ్లిన్ గిన్నిస్, 4.2 శాతం. మ్యూనిక్ పక్కన ఫ్రైజింగ్‌లో బవేరియా ప్రభుత్వం సొంతంగా నడిపే వైహెన్‌స్టెఫాన్ బ్రూవరీ వారి హెఫెవైస్ బీరు, 5.4 శాతం. ఇది వడపోయని గోధుమ బీరు.

గిన్నిస్ ఎందుకు ముందే పోయింది

రుచి విషయంలో దానికి వంక పెట్టేవాళ్లు లేరు. అడ్డొచ్చింది గ్యాసు. మిగతా బీర్లన్నీ కార్బన్ డయాక్సైడ్ మీద నడిస్తే గిన్నిస్‌కి 70 నుంచి 75 శాతం నైట్రోజన్ కలిసిన గ్యాసు కావాలి, ప్రెషర్ 30 పీఎస్ఐ పైన. ట్యాప్ కూడా వేరు. లోపల సన్నటి రంధ్రాల బిళ్ల ఉన్న స్టౌట్ ఫాసెట్ అయితేనే ఆ వెన్నలాంటి నురగ వస్తుంది. కెగ్గు మీద బిగించే కప్లర్ కూడా దానికి ప్రత్యేకం, యూ టైపు. అంటే వేరే సిలిండరు, వేరే రెగ్యులేటరు, వేరే ట్యాపు, వేరే కప్లరు. ఇంత చేశాక అమ్మకం ఎంత ఉంటుందో చూద్దామంటే బార్ బిల్లింగ్ లెక్కల్లో గిన్నిస్ క్యాన్లు రోజుకి రెండో మూడో పోతున్నాయి. ఆ వేగానికి కెగ్గు పెట్టడం దండగ. నైట్రో క్యాన్‌లో ఉండే చిన్న గుండు ఆ నురగ తెప్పించే పనిని చాలావరకు చేసేస్తుంది కాబట్టి గిన్నిస్ క్యాన్‌గానే మెనూలో ఉండిపోయింది.

కారం పక్కన చేదు

ఇక పిల్స్‌నర్, గోధుమ బీరు. రెండూ గొప్పవే. తేడా తెలియాలంటే రుచి చూసే పద్ధతి సరిగ్గా ఉండాలి. ఉత్త బీరుని పక్కపక్కన పెట్టి తాగితే దాదాపు ఎవరైనా పిల్స్‌నర్‌కే మార్కులు వేస్తారు. తేటగా, నాలుకకి చురుగ్గా ఉంటుంది. కానీ ఈ బార్‌లో బీరు ఒంటరిగా పోదు. దాని వెంట చికెన్ 65, గుంటూరు కారం పట్టించిన రొయ్యల వేపుడు, గోంగూర మటన్ వస్తాయి.

అందుకని పరీక్ష ఇలా జరిగింది. గ్లాసుల మీద అంకెలు తప్ప పేర్లు లేవు. ఒక్కొక్కరికి 100 మిల్లీలీటర్లు. మొదట 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గుక్క, తర్వాత వేపుడు ఒక ముక్క, మళ్లీ గుక్క. పది నిమిషాలాగి బీరు 10 డిగ్రీలకి చేరాక ఇదే వరస మళ్లీ. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, బార్‌టెండర్లు అందరూ రాశారు. కారం తిన్నాక పిల్స్‌నర్ చేదు నాలుక వెనక పట్టేసింది. మంట తగ్గాల్సింది పోయి ఎగదోసినట్టయింది. పిల్స్‌నర్ ఉర్కెల్ చేదు 40 ఐబీయూ దగ్గర ఉంటుంది, హెఫెవైస్‌ది 14 ఐబీయూ. బీరులో వేసే హాప్స్ పువ్వుల చేదు, మిరప మంట ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. గోధుమ బీరులో ప్రోటీన్ ఎక్కువ కాబట్టి నోట్లో కాస్త చిక్కగా, మెత్తగా ఉంటుంది. ఈస్ట్ నుంచి వచ్చే లవంగం, అరటిపండు వాసనలు మసాలాతో కలిసిపోతాయి. గోంగూర పులుపుకి కూడా ఇదే నప్పింది. ఒక్క చోట పిల్స్‌నర్ గెలిచింది. నూనెలో వేగిన, కారం తక్కువున్న వాటితో, ముఖ్యంగా అపోలో ఫిష్‌లాంటి వాటితో అది నోటిని బాగా కడిగేసింది. అందుకే ట్యాప్ గోధుమ బీరుకి ఇచ్చి, పిల్స్‌నర్‌ని బాటిల్‌గా ఉంచుకోవాలని నిర్ణయం.

ఆల్కహాల్ 6 శాతం దాటిన బీర్లని ఈ పరీక్షకే తీసుకోలేదు. ఆల్కహాల్ కూడా మిరప మంటని ఎగదోస్తుంది. బెల్జియం బలమైన బీర్ల మీద ఎంత ప్రేమున్నా ఇలాంటి మెనూ పక్కన వాటిని గ్లాసు లెక్కన అమ్మడం కస్టమర్‌కి మేలు చేయదు.

కెగ్గు సైజు: అసలు నిర్ణయం ఇక్కడుంది

యూరప్ కెగ్గులు ఎక్కువగా 50 లీటర్లు, 30 లీటర్లు. ఈ కేసులో డిస్ట్రిబ్యూటర్ చెప్పిన ధరలు 50 లీటర్లకి 210 డాలర్లు, 30 లీటర్లకి 145. లీటరు లెక్కన చూస్తే 4.20కి 4.83. పెద్దదే లాభమని ఎవరికైనా అనిపిస్తుంది.

గ్లాసు అర లీటరు. 50 లీటర్లలో లెక్కకి 100 గ్లాసులు. నురగ, లైన్ కడగడం, చివర్లో మిగిలేది పోగా 92 అమ్మగలిగితే బాగా నడిపినట్టు. 30 లీటర్లలో లెక్కకి 60, చేతికి 55. బార్ పాత బిల్లుల్లో గోధుమ బీరు అర లీటరు బాటిళ్లు వారం సగటున రోజుకి 9. వాటిలో సగానికి పైగా శుక్ర, శని, ఆదివారాలవే. ఆ లెక్కన 30 లీటర్ల కెగ్గు ఆరు రోజుల్లో, 50 లీటర్లది పది రోజుల్లో ఖాళీ అవుతుంది.

కార్బన్ డయాక్సైడ్ మీద, చల్లగా ఉన్న కెగ్గు పది రోజుల్లో ‘పాడైపోదు’. తాగితే ఏమీ కాదు. కానీ హెఫెవైస్‌లో ఎవరైనా డబ్బిచ్చి కొనేది ఆ అరటి, లవంగం వాసనల్నే. రోజులు గడిచేకొద్దీ మొదట అరటి వాసన సన్నగిల్లుతుంది, తర్వాత తేనె, తడిసిన అట్ట లాంటి వాసన పైకి వస్తుంది. పైగా కెగ్గు కదలకుండా ఉంటే ఈస్ట్ అడుగున పేరుకుంటుంది. కెగ్గు లోపలి గొట్టం అడుగునుంచే పీలుస్తుంది కాబట్టి మొదటి గ్లాసులు బురదలా, చివరి గ్లాసులు పలచగా వస్తాయి. అందుకే 30 లీటర్లతోనే మొదలుపెట్టారు. గ్లాసుకి 2.64 డాలర్లు పడుతుంది. 50 లీటర్లదైతే 2.28. ఆ 36 సెంట్లు తాజాదనం ఖరీదు. వారాంతం కాని నాలుగు రోజుల అమ్మకం పెరిగాక పెద్ద కెగ్గుకి మారొచ్చు. ముందే పెద్దది తెచ్చి, కదలకపోతే ఏం చేయాలో ఆలోచించడం తలకిందుల పని. ఎందుకంటే అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం అమ్మకం నెమ్మదిగా ఉందన్న కారణంతో డిస్ట్రిబ్యూటర్ సరుకు వెనక్కి తీసుకోకూడదు. కెగ్గు లీకైనా, బీరు చెడినా వేరే సంగతి. దానికి తోడు టెక్సాస్‌లో బీరుకి అప్పు ఉండదు. సరుకు దిగేలోపు డబ్బు కట్టాలి.

ఇక్కడే ఇంకో లెక్క చాలామంది మర్చిపోతారు. టెక్సాస్‌లో మిక్స్‌డ్ బెవరేజ్ పర్మిట్ ఉన్న బార్ తన రాబడి మీద 6.7 శాతం పన్ను తనే కట్టాలి. కస్టమర్ బిల్లులో కలిసే 8.25 శాతం వేరు. 10 డాలర్ల గ్లాసులో బార్‌కి మిగిలేది 9.33. 2.64ని పదితో భాగిస్తే 26 శాతం, 9.33తో భాగిస్తే 28 శాతం. డ్రాఫ్ట్‌కి చాలా బార్లు పెట్టుకునే లక్ష్యం 20 నుంచి 25 శాతం. ఈ ట్యాప్ దాన్ని దాటుతుందని తెలిసే పెట్టారు. పక్కన టెక్సాస్ బీర్లు తక్కువ శాతంలో నడుస్తున్నాయి కాబట్టి మొత్తం మీద గిట్టుబాటవుతుంది.

తాజాదనాన్ని ఎలా అడగాలి

‘ఫ్రెష్‌గా ఉందా’ అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. అడగాల్సిన ప్రశ్నలు వేరు. కెగ్గు నింపిన తేదీ నుంచి బ్రూవరీ ఇచ్చే గడువు ఎన్ని నెలలు? ఇప్పుడు గోడౌన్‌లో ఉన్న లాట్ గడువు తేదీ ఏంటి? రిఫ్రిజిరేటెడ్ కంటైనర్‌లో వచ్చిందా? ఇక్కడి గోడౌన్‌లో చల్లగా ఉందా? జర్మనీ రేవులో ఎక్కి హ్యూస్టన్‌లో దిగడానికే మూడు నాలుగు వారాలు పడుతుంది. దానికి ముందు బ్రూవరీలో, తర్వాత దిగుమతిదారు దగ్గర, ఆపైన డిస్ట్రిబ్యూటర్ దగ్గర రోజులు కలుస్తాయి. ఈ బార్ పెట్టుకున్న షరతు సూటిగా ఉంది: మొత్తం గడువులో కనీసం సగం మిగిలున్న కెగ్గునే దింపుకుంటాం. ఆర్డర్ మెయిల్‌లోనే ఆ మాట రాశారు.

తేదీ చదవడంలో ఒక మోసపోయే చోటుంది. జర్మన్ కెగ్గు మీద 05.08 అని ఉంటే ఆగస్టు 5. మనవాళ్లకి ఇండియా అలవాటుతో అది సరిగ్గానే అర్థమవుతుంది. అమెరికాలో పెరిగిన రిసీవింగ్ కుర్రాడు దాన్ని మే 8గా చదువుతాడు. 12లోపు అంకెలున్న ప్రతి తేదీతో ఈ తికమక ఉంటుంది. మంచి కెగ్గు తిరిగెళ్లిపోవడం, పాతది లోపలికి రావడం రెండూ జరుగుతాయి. రిసీవింగ్ కాగితం మీద నెల పేరు అక్షరాల్లో రాయమన్న నియమంతో ఆ గొడవ పోయింది.

కెగ్గు దిగేటప్పుడు ఉష్ణోగ్రత కూడా చూడాలి. టెక్సాస్ ఎండాకాలంలో ట్రక్కు వెనక ఒక గంట చాలు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌ని నేరుగా స్టీలు మీద పెడితే తప్పుడు అంకె వస్తుంది. మెరిసే స్టీలు చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పి కొడుతుంది. కెగ్గు మీద నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించి, రెండు నిమిషాలాగి, ఆ టేపు మీద చూడాలి. 50 ఫారెన్‌హీట్‌లో, అంటే 10 డిగ్రీల సెల్సియస్‌లో దిగిన కెగ్గు కూలర్‌లో 38 ఫారెన్‌హీట్‌కి రావడానికి ఒక రోజంతా పడుతుంది. శుక్రవారం సాయంత్రం దింపి శుక్రవారం రాత్రే ట్యాప్ చేస్తే సగం నురగే వస్తుంది. గురువారం మధ్యాహ్నానికల్లా సరుకు కూలర్‌లో ఉండాలి.

గోధుమ బీరు కెగ్గుని కూలర్‌లో తలకిందులుగా నిలబెట్టి, ట్యాప్ చేసే ముందు నిటారుగా తిప్పితే పేరుకున్న ఈస్ట్ మళ్లీ బీరంతా కలుస్తుంది. తిప్పాక ఓ అరగంట ఆగాలి. లేకపోతే కదిలిన గ్యాసు అంతా మొదటి గ్లాసుల్లో బయటపడుతుంది.

లైను, గ్యాసు, నురగ

ఈ కేసులో ఎక్కువ సమయం పట్టింది దీనికే. బార్‌లో వాక్ ఇన్ కూలర్ నుంచి ట్యాప్ టవర్ దాకా 40 అడుగుల గ్లైకాల్ లైను, అంటే పక్కనే చల్లటి గ్లైకాల్ ద్రవం పారుతూ బీరుని చల్లగా ఉంచే లైను. లోపలి వ్యాసం అంగుళంలో పదహారింట 5 వంతులున్న బ్యారియర్ ట్యూబు. ఇది అడుగుకి 0.1 పీఎస్ఐ చొప్పున ఒత్తిడిని తినేస్తుంది. 40 అడుగులకి 4. కెగ్గు కంటే ట్యాప్ 4 అడుగులు ఎత్తులో ఉంది, ఎత్తుకి అడుగుకి అర పీఎస్ఐ చొప్పున 2. చివర్లో అంగుళంలో పదహారింట 3 వంతుల సన్న వినైల్ ట్యూబు 2 అడుగులు. దీన్నే చోకర్ అంటారు. అది అడుగుకి 3 తింటుంది కాబట్టి 6. మొత్తం 12 పీఎస్ఐ. కెగ్గు మీద పెట్టే ప్రెషర్ దీనికి సమానంగా ఉండాలి. 38 ఫారెన్‌హీట్‌లో 12 పీఎస్ఐ అంటే 2.6 వాల్యూముల గ్యాసున్న (లీటరు బీరులో 2.6 లీటర్ల గ్యాసు కరిగున్న) బీరు సరిగ్గా నిలబడుతుంది. మామూలు లాగర్లకి ఇది అచ్చంగా సరిపోయిన లైను.

హెఫెవైస్‌లో గ్యాసు 3.3 వాల్యూముల దగ్గర ఉంటుంది. జర్మన్ బ్రూవరీల కాగితాల్లో ఇది లీటరుకి గ్రాముల్లో ఉంటుంది. ఒక వాల్యూము అంటే దాదాపు 1.96 గ్రాములు, అంటే 6.5 గ్రాములు 3.3 వాల్యూములు. 38 ఫారెన్‌హీట్‌లో దాన్ని బీరులోనే పట్టి ఉంచాలంటే దాదాపు 20 పీఎస్ఐ కావాలి. లైను తినేది 12 మాత్రమే.

మొదటి కెగ్గు 12 మీదే పెట్టారు, ఎందుకంటే కూలర్‌లో అన్ని కెగ్గులకీ ఒకటే రెగ్యులేటరు. మొదటి రోజు లైన్లో తెల్లటి బుడగల గీతలు కనిపించాయి. ప్రతి గ్లాసుకీ ముందు ఒక విసురు నురగ, తర్వాత బీరు. బార్‌టెండర్లు సహజంగా చేసేదే చేశారు: నురగ పారబోసి గ్లాసు నింపారు. నాలుగో రోజుకి నురగ తగ్గింది, కానీ బీరు చప్పబడింది. కెగ్గులో గ్యాసు తనకి తానే 12 పీఎస్ఐ స్థాయికి దిగిపోయింది. ఆ కెగ్గులో 60కి 44 గ్లాసులే బిల్లయ్యాయి. గ్లాసు ఖర్చు 3.30 డాలర్లు. నురగ వస్తోందని ప్రెషర్ ఇంకా తగ్గించడం చాలా బార్లలో కనిపించే అలవాటు. గ్యాసు ఎక్కువున్న బీరుకి అది విషం.

సరిచేసింది రెండు పనులతో. ఆ కెగ్గుకి విడిగా సెకండరీ రెగ్యులేటర్ బిగించి 20 పీఎస్ఐ పెట్టారు. ఇప్పుడు లైను 20 తినాలి. ట్యూబుకి 4, ఎత్తుకి 2 పోను 14 చోకర్ మీద పడాలి. 14ని 3తో భాగిస్తే 4 అడుగుల 8 అంగుళాలు. అంటే పాత 2 అడుగుల ముక్క తీసి ఈ పొడవుది వేశారు. టవర్‌లో చోటు తక్కువైతే దాన్ని వదులుగా చుట్టచుట్టి, గ్లైకాల్ పైపుకి తాకేలా పెట్టాలి. చోకర్ వేడెక్కితే ఈ లెక్క అంతా వృథా. ప్రెషర్ మాత్రమే 20కి పెంచి చోకర్ మార్చకపోతే బీరు దూకుతుంది, అదీ నురగే. మార్పు తర్వాత గ్లాసులు 54, 55 దగ్గర నిలబడ్డాయి. కెగ్గుకి పదకొండు గ్లాసులు, అంటే 110 డాలర్లు. రెగ్యులేటరు, ట్యూబుల ఖర్చు మొదటి నెలలోనే తిరిగొచ్చింది. రెగ్యులేటరు, కప్లరు, ట్యూబుల్లాంటి ట్యాపింగ్ సామాన్లు డిస్ట్రిబ్యూటర్ ఉచితంగా ఇవ్వడం నిబంధనలకి విరుద్ధం. కొన్న ధరకి తగ్గకుండా అమ్మొచ్చు.

ప్రవాహాన్ని గడియారంతో చూడాలి. మామూలు డ్రాఫ్ట్‌కి సెకనుకి 2 ఔన్సులు ప్రమాణం, అర లీటరుకి ఎనిమిదిన్నర సెకన్లు. గోధుమ బీరుకి దానికంటే కాస్త నెమ్మదిగా ఉన్నా మంచిదే.

కూలర్ ఉష్ణోగ్రత కూడా ఈ లెక్కలో భాగమే. శనివారం రాత్రి వంటవాళ్లు పదేపదే తలుపు తీయడం వల్ల 38 ఉండాల్సింది 44కి పోయిందనుకుందాం. అదే బీరుకి ఇప్పుడు 23.5 పీఎస్ఐ కావాలి. ఉన్నది 20. మళ్లీ బుడగలు. అలాంటప్పుడు రెగ్యులేటర్ ముట్టుకోకూడదు. తలుపుకి ప్లాస్టిక్ తెర వేయాలి, పెరుగు, పచ్చళ్ల డబ్బాలు వేరే ఫ్రిజ్‌లోకి పోవాలి.

హైదరాబాద్, బెంగళూరులో ఇదే పని చేసేవాళ్లకి ఒక మాట. ఈ చార్టులన్నీ సముద్ర మట్టం లెక్కవి. ప్రతి 2,000 అడుగుల ఎత్తుకీ గేజ్ మీద ఒక పీఎస్ఐ కలపాలి. హైదరాబాద్‌కి దాదాపు 1, బెంగళూరుకి ఒకటిన్నర. విశాఖలో చార్టు ఉన్నదున్నట్టే పనికొస్తుంది.

కప్లర్ గురించి క్లుప్తంగా. అమెరికా కెగ్గులకి డీ టైపు, యూరప్‌వి చాలావాటికి ఎస్, జర్మన్ బ్రూవరీల్లో కొన్నింటికి పక్కనుంచి జారే ఏ టైపు. డీ, ఎస్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఎస్ ముక్కు కాస్త పొడవు. బలవంతంగా ఒకదాని మీద ఇంకోటి బిగిస్తే వాల్వు సరిగ్గా దిగదు, లీకవుతుంది. ఆర్డర్‌కి ముందే ఏ టైపో రాతపూర్వకంగా తీసుకోవాలి.

కడగడం, గ్లాసులు

లైన్ 14 రోజులకోసారి కడగాలి. 2 శాతం కాస్టిక్ ద్రావణం, పాత లైనైతే 3 శాతం, గోరువెచ్చగా 27 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ మధ్య, పంపుతో 15 నిమిషాలు తిప్పాలి. పంపు లేక నింపి ఉంచితే 20 నిమిషాలు. తర్వాత నీళ్లు పట్టి, బయటికొచ్చే నీళ్ల పీహెచ్ కుళాయి నీళ్లతో సమానమయ్యేదాకా కడగాలి. స్ట్రిప్‌తో చూడకుండా ‘ఇక చాలు’ అనుకుని ఆపడం ప్రమాదం. లైన్లో మిగిలిన కాస్టిక్ నేరుగా తాగేవాళ్ల గొంతులోకి పోతుంది. ట్యాప్, కప్లర్ విప్పి బ్రష్‌తో తోమడం కూడా అదే రోజు. మూడు నెలలకోసారి యాసిడ్‌తో కడిగితే లైను లోపల పేరుకునే గట్టి పొర (బీరు రాయి) పోతుంది. వినైల్ చోకర్ ఏడాదికోసారి మార్చాలి. 40 అడుగుల ఈ లైన్లో దాదాపు 20 ఔన్సుల బీరు ఉంటుంది. కడిగిన ప్రతిసారీ ఒక గ్లాసుకి పైగా పోతుంది. ఆ నష్టం 55 లెక్కలో ముందే వేశారు.

గోధుమ బీరు లైన్ మురికి పడితే పట్టుకోవడం కష్టం. లాగర్‌లో వెన్న వాసన, పులుపు వెంటనే తెలుస్తాయి. ఇది మబ్బుగా, కాస్త పుల్లగా ఉండే బీరే కదా అని కస్టమర్ సరిపెట్టుకుంటాడు, రెండో గ్లాసు మాత్రం చెప్పడు. అందుకని వారానికోసారి తాజా బాటిల్ ఒకటి తీసి ట్యాప్ గ్లాసు పక్కన పెట్టి బార్‌టెండర్ రుచి చూడాలి. ట్యాప్‌లోది పుల్లగా అనిపిస్తే 14 రోజుల దాకా ఆగక్కర్లేదు.

ఇక నెయ్యి. భారతీయ రెస్టారెంట్ బార్లకే ప్రత్యేకమైన ఇబ్బంది ఇది. బీరు గ్లాసులు, నెయ్యి దోసె పళ్లేలు ఒకే మెషీన్‌లో కడిగితే గ్లాసుకి కంటికి కనపడని కొవ్వు పొర పట్టుకుంటుంది. నురగ నిమిషంలో చచ్చిపోతుంది, గోడలకి బుడగలు గుంపులుగా అంటుకుంటాయి. కనిపెట్టడం తేలిక. గ్లాసు నీళ్లలో ముంచి తీసి, లోపల ఉప్పు చల్లాలి. శుభ్రంగా ఉంటే ఉప్పు అంతటా సమంగా అంటుకుంటుంది. కొవ్వున్న చోట రాలిపోయి ఖాళీ మచ్చ కనిపిస్తుంది. ఇక్కడ బార్ కౌంటర్ కింద బీరు గ్లాసులకి మాత్రమే వాడే చిన్న వాషర్ పెట్టారు. గ్లాసుల్ని ఫ్రీజర్‌లో గడ్డకట్టించడం మానేశారు. లోపలి మంచు నురగని రేపుతుంది, అంత చల్లదనంలో అరటి, లవంగం వాసనలూ తెలియవు. నిమ్మచెక్క గ్లాసు అంచుకి పెట్టొద్దని, అడిగితే పక్కన ఇవ్వమని చెప్పారు. తొక్కలోని నూనె నురగని తినేస్తుంది.

పోయడం: పొడవాటి వైజెన్ గ్లాసుని చల్లటి నీళ్లతో తడిపి, 45 డిగ్రీలు వంచి, ట్యాప్‌ని ఒక్కసారే పూర్తిగా తెరవాలి. సగం తెరిస్తే నురగే. ట్యాప్ ముక్కు బీరులో మునగకూడదు. పైన రెండు వేళ్ల మందం నురగ ఉండాల్సిందే, దాన్ని ‘తక్కువ పోశారు’ అనుకోకుండా గ్లాసు మీద అర లీటరు గీత ఉన్నవే కొన్నారు.

సర్వీసు వాళ్లకి చెప్పాల్సిన లెక్క ఇంకోటుంది. 5.4 శాతం అర లీటరు అంటే అమెరికా లెక్కలో ఒకటిన్నర డ్రింకులు. రెండు గ్లాసులంటే మూడు. అందరూ కారులోనే వచ్చే శివారు ఇది. బార్‌టెండర్ గ్లాసులు లెక్కపెడితే చాలదు, ఒకటిన్నర చొప్పున లెక్కపెట్టాలి. మెనూలో 0.3 లీటర్ల చిన్న గ్లాసు కూడా పెట్టింది ఇందుకే.

ఎప్పుడు తీసేయాలి

పెట్టే రోజే తీసే షరతులు కూడా రాసుకున్నారు. వరసగా రెండు కెగ్గులు పది రోజులు దాటితే, లేదా బిల్లయిన గ్లాసులు 50కి తగ్గి కారణం దొరక్కపోతే, లేదా డిస్ట్రిబ్యూటర్ సగం గడువు షరతు రెండుసార్లు తప్పితే బీరు మళ్లీ బాటిల్‌కి వెళ్తుంది. ప్రతి కెగ్గుకీ ఒక చీటీ: గడువు తేదీ, దిగినప్పటి ఉష్ణోగ్రత, ట్యాప్ చేసిన రోజు, ఖాళీ అయిన రోజు, బిల్లయిన గ్లాసులు. గోధుమ బీరు వేసవిలో ఎక్కువ పోతుంది, చలికాలంలో మందగిస్తుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి చీటీలని విడిగా చూడాలి.

కంటైనర్ ఆలస్యమై కెగ్గు దొరకని వారాలు వస్తాయి. అప్పుడు ట్యాప్ మీద వైహెన్‌స్టెఫాన్ పేరున్న పిడి ఉంచి లోపల స్థానిక గోధుమ బీరు నడపడం మోసం. పిడి దించేయాలి, మెనూలోంచి కూడా తీసేయాలి. దాని స్థానంలో మామూలు లాగర్ పెడితే ముందు లైన్ పూర్తిగా కడగాలి, లేకపోతే లవంగం వాసన రెండు మూడు రోజులు వదలదు. రెగ్యులేటర్ 20 నుంచి 12కి దించాలి, చోకర్ 2 అడుగులది వెనక్కి వేయాలి. పొడవు చోకర్ మీద 12 పీఎస్ఐ పెడితే బీరు సన్నటి ధారగా కారుతుంది, 20 మీద వదిలేస్తే లాగర్‌లోకి రెండు మూడు రోజుల్లో గ్యాసు ఎక్కిపోతుంది. రెండు చోకర్లకీ కొసల్లో రంగు టేపు చుట్టి కూలర్ తలుపు లోపల వేలాడదీశారు. ఏ రంగుకి ఎన్ని పీఎస్ఐ అన్నది పక్కనే రాసి ఉంది.